తొమ్మిదిన్నర గంటల జాబితా



అమెరికా దేశమున ఏ పట్టణపు వీథిలో నిలిచి చూచినను, ప్రొద్దెక్కిన తరువాత ముదురు గోధుమరంగు పూసిన పెట్టెబండి యొకటి వచ్చి ఆగుటయు, అదే రంగు దుస్తులు తొడిగిన మనిషి పొట్లమును చంకనిడుకొని దిగి, దానిని గుమ్మము కడ ఉంచి, క్షణమైన నిలువక తిరిగి బండి యెక్కి పోవుటయు కానవచ్చును. 1907లో సియాటిల్ నగరమున జేమ్స్ కేసీ యను పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడు ఒక స్నేహితునితో కలిసి, అప్పు తెచ్చిన నూరు డాలర్లతో నెలకొల్పిన చిన్న వార్తాహరుల సంస్థయే నేడు యూపీయస్ అను పేర లోకమంతట వ్యాపించి, ఈ బండ్లను నడుపుచున్నది. బండ్లు నడపు స్త్రీ పురుషులకు టీమ్‌స్టర్స్ అను కార్మికసంఘము కలదు. గుఱ్ఱపుబండ్లు తోలువారు 1903లో ఏర్పరచుకొన్న సంఘమది. మోటారులు వచ్చి ఇంతకాలమైనను దాని ముద్రలో నేటికిని రెండు గుఱ్ఱపు తలలే ఉన్నవి. ఈ సంస్థకును ఈ సంఘమునకును నడుమనున్న ఒప్పందము సుమారు 3,40,000 మందికి వర్తించును. ఉత్తర అమెరికా ప్రైవేటు రంగమున ఒక్క యజమానితో చేసికొన్న కార్మిక ఒప్పందములలో ఇంతకు మించినది లేదందురు.

ఒప్పందమనగానే మన దృష్టి మొదట జీతపు అంకె మీదికే పోవును. 2023లో కుదిరిన ఒప్పందమును గూర్చి పత్రికలు ఎక్కువగా వ్రాసినదియు ఆ అంకెను గూర్చియే. ఒప్పందపు గడువు ముగియునాటికి పూర్తికాలపు డ్రైవరు జీతమును ఇతర సౌకర్యములును కలుపుకొని ఏటికి సగటున 1,70,000 డాలర్ల విలువ పొందగలడని సంస్థ అధిపతి కేరల్ టోమే ప్రకటింపగా, పట్టాలు పుచ్చుకొని అద్దాల మేడలలో కూర్చున్న తమకంటె పొట్లములు మోయువాడే మెరుగా యని కంప్యూటరు ఉద్యోగులు పలువురు విస్తుపోయిరి. ఆ వృత్తిలో మన తెలుగువారును వేలకొలదిగా ఉన్నారు గనుక, ఆ విస్మయములో మనకును కొంత వాటా ఉండియే యుండును. కాని ఆ అంకెను కొంచెము విప్పి చూడవలెను. అనుభవము నిండిన డ్రైవరునకు గడువు చివర సగటున గంటకు 49 డాలర్లు. వారమునకు 40 గంటలు, ఏడాదికి 52 వారములు లెక్కింపగా 1,02,000 డాలర్లకు కొంచెము తక్కువ వచ్చును. తక్కినది ఆరోగ్య బీమా, పింఛను మొదలగువాని విలువ, వానితోపాటు ఎనిమిది గంటలు దాటిన తరువాత చేసిన పనికి వచ్చిన కూలి. ఆ కడపటిది ఇంటికి చేరవలసిన వేళను అమ్మి తెచ్చుకొన్న సొమ్ము. ఆ అమ్మకమును గూర్చియే నేడు ముచ్చటింపదలచితిని.

ఓవర్‌టైమ్ అను పద్ధతికి అమెరికాలో దేశవ్యాప్తమైన చట్టరూపము 1938లో, రూజ్వెల్టు అధ్యక్షుడుగా ఉండగా వచ్చినది. వారమునకు ఇన్ని గంటలని హద్దు పెట్టి, అది మొదట 44గా ఉండి రెండేండ్లకు 40 అగునట్లు ఏర్పరచి, ఆ హద్దు దాటిన ప్రతి గంటకును ఒకటిన్నర రెట్ల కూలి చెల్లింపవలెనని ఆ చట్టము శాసించెను. కార్మికునకు నాలుగు డబ్బులు ఎక్కువ ఇప్పించుట మాత్రమే దాని యుద్దేశము కాదు. ఆర్థిక మాంద్యపు దినములవి. ఒకనిచేత పండ్రెండు గంటలు చేయించుటకంటె మఱియొకనిని పెట్టుకొనుటయే చవుక యగునట్లు చేసి, పని లేనివానికి పని చూపవలెనన్నది ముఖ్యాశయము. చిత్రమేమనగా, ఈ చట్టపు నీడ పెద్ద బండ్లు నడపువారి మీద పడదు. వారి పని గంటలను నియమించు అధికారము 1935 నాటి మోటారు రవాణా చట్టముచేత వేఱొక ప్రభుత్వ శాఖకు చేరియుండుటవలన, రాష్ట్రముల నడుమ సాగు సరకు రవాణాలో 10,000 పౌనులకు మించిన బండి నడపువానికి ఒకటిన్నర రెట్ల నియమము వర్తింపకుండ పోయినది. ఆ శాఖవారి నియమములు భద్రతకు సంబంధించినవి: ప్రతిదినము బండ్లు నడపు సంస్థలలో ఎనిమిది దినములలో 70 గంటలు, తక్కినవానిలో ఏడు దినములలో 60 గంటలు పనిచేసినవాడు ఆపైన చక్రము పట్టరాదు. అలసినవాడు బండి నడపరాదని అవి చెప్పును గాని, అలసటకు వెల ఎంతో చెప్పవు. వెల చెప్పినది సంఘము వ్రాయించుకొన్న ఒప్పందమే. రోజుకు ఎనిమిది గంటలు దాటిన క్షణమునుండి డ్రైవరుకు ఒకటిన్నర రెట్లు; గిడ్డంగిలో పనిచేయు పార్ట్‌టైమ్ వారికైతే అయిదు గంటలు దాటినప్పటినుండియే.

మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము అదనపు గంటకు రెట్టింపు కూలి విధించినది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము రోజుకు ఎనిమిది, వారమునకు నలుబదియెనిమిది గంటలని హద్దు గీచినది. కాగితము మీద మనమే ఉదారులము. అయినను హైదరాబాదులో రాత్రి పదకొండు గంటలకు భోజనపు సంచి వీపున తగిలించుకొని మోటారుసైకిలు మీద పరుగెత్తు కుఱ్ఱవానికి ఆ రెట్టింపు దక్కదేమని అడిగినచో, వాడు మా కార్మికుడే కాడు, భాగస్వామి యని కంపెనీలవారు సెలవిత్తురు.

ఇక ఈ అదనపు గంటలు ఎట్లు పుట్టునో చూతము. తెల్లవాఱుజామున నాలుగైదు గంటల వేళనే గిడ్డంగిలో పార్ట్‌టైమ్ కార్మికులు బండ్లు నింప మొదలుపెట్టుదురు. బండిలోపల ఇరుప్రక్కల అరలు, అరలకు అంకెలు. పొట్లముపై అతికించిన చీటీలోని అంకెనుబట్టి ఏది ఏ అరకో తెలియును. డ్రైవరు వచ్చునప్పటికి అరలు నిండి, నేలమీద సైతము పెట్టెలు పేర్చబడి, నడిచిపోవుటకు సందు లేకుండుట క్రొత్త కాదు. ఆతని చేతిలోని యంత్రము ఆనాటి మజిలీలెన్నో, ఏ వరుసలో పోవలెనో చూపును. ఆ వరుసను కూర్చునది ఓరియన్ అను కంప్యూటరు గణన. దాని లెక్కలో దినము తొమ్మిది గంటలకే ముగియవచ్చును. లెక్కలో లిఫ్టు చెడిపోదు, కుక్క అడ్డము రాదు, సంతకము చేయవలసిన వృద్ధురాలు తలుపు కడకు వచ్చుటకు మూడు నిమిషములు పట్టదు.

అంతకంటె బలమైన కారణము వేఱొకటి కలదు. ఆనాటి సరకు కొంచెము తగ్గినదని తోచినచో, ఉదయమున పై అధికారి ఒక రూటును ఎత్తివేసి, దానిలోని మజిలీలను ఇరుగుపొరుగు రూట్లవారికి పంచివేయును. పది బండ్లు బయలుదేరవలసినచోట తొమ్మిదియే బయలుదేరును. ఆ తొమ్మిదింటిలోని ప్రతివానికిని గంటో గంటన్నరో పని పెరుగును. ఒకటిన్నర రెట్లు చెల్లింపవలసి వచ్చునే, ఇందు సంస్థకు లాభమేమని మీరు అడుగవచ్చును. క్రొత్తగా మనిషిని చేర్చుకొన్నచో ఆతనికిని, భార్యాబిడ్డలకును ఆరోగ్య బీమా, పింఛనునకు చందా, సెలవుల జీతము, శిక్షణ, మఱియొక బండి, ఇన్నియు సమకూర్పవలెను. ఉన్నవానిని మఱి రెండు గంటలు త్రిప్పినచో ఆ రెండు గంటల కూలితో సరిపోవును. 1938లో చట్టము చేసినవారు ఒకటిన్నర రెట్ల భారము చాలునని తలచిరి. బీమా ఖర్చు ఇంతగా పెరిగినపిమ్మట ఆ భారము భారముగా తోచుట మానినది.

సంఘమువారు ఈ రహస్యమును గ్రహించి, ఒకటిన్నరకు మీద మఱియొక మెట్టు కట్టిరి. గిడ్డంగులలో దీనిని ‘తొమ్మిదిన్నర జాబితా’ యందురు. అధికమైన గంటలు వలదనుకొన్న డ్రైవరు తన పేరు ఆ జాబితాలో వ్రాయించుకొనును. అట్టివానిని ఒక వారములో మూడు దినములు తొమ్మిదిన్నర గంటలకు మించి పనిచేయించినచో, ఆతడు గ్రీవెన్సు, అనగా ఒప్పందము ప్రకారము వ్రాతమూలకమైన ఫిర్యాదు, పెట్టుకొనవచ్చును. అది నెగ్గినచో మించిన కాలమునకు మూడు రెట్ల వేతనము వచ్చును. సోమవారము పదకొండు, మంగళవారము పదిన్నర, గురువారము పదకొండు గంటలు పని చేసినవానికి మించిన కాలము నాలుగు గంటలు. గంటకు 49 డాలర్లు వచ్చువానికి ఆ నాలుగు గంటల వెల గంటకు 147 డాలర్లు. ఇదిగాక, ఫలానా దినమున ఎనిమిది గంటలకు మించి చేయజాలనని ముందుగా వ్రాసి యిచ్చి కోరుకొను వీలును కలదు. పిల్లవాని బడిలో నాటకమో, పెండ్లిరోజో వచ్చినప్పుడు డ్రైవర్లు దానిని వాడుకొందురు.

వినుటకు ఇది గొప్ప కవచమే. అయినను ఆ కవచమునకు మూడు అతుకులున్నవి, మూడింటిలోను గాలి దూరును. పేరు వ్రాయించుకొనవలసినది డ్రైవరే. వారము వారము గంటలు గుర్తు పెట్టుకొని ఫిర్యాదు చేయవలసినదియు డ్రైవరే. సంఘపు ప్రతినిధి, అనగా షాప్ స్టూవర్డ్, గట్టివాడు కానిచో ఆ ఫిర్యాదు నెలలకొలది బల్లల మీద దొర్లుచుండును. క్రొత్తగా చేరినవాడు పై అధికారికి కంటిలో నలుసు కానేలయని జాబితా జోలికి పోడు. ఇల్లు కొని నెలనెలా వాయిదాలు కట్టువాడు ఒకటిన్నర రెట్ల కూలికి అలవాటుపడి, దానిని లెక్కలో వేసికొనియే సంసారము నడపును గనుక, వాడును జాబితాలో చేరడు. పైగా గంటలు తగ్గినప్పుడు వాడే ముందుగా గొణుగును. సంస్థ సంగతి చెప్పనేల; కొన్ని గిడ్డంగులలో మూడు రెట్ల వేతనమును కూడ ఒక ఖర్చుగా వ్రాసికొని, మరునాడు మరల ఒక రూటును ఎత్తివేయుచున్నది. సంఘమువారు సాయంకాలమునకు వెల పెంచినారే గాని, సాయంకాలమును తిరిగి ఇప్పించలేకపోయిరి. నన్నడిగినచో, ఆ జాబితాలో డ్రైవర్లందఱి పేర్లును మొదటి దినముననే ఎక్కి, వలదనుకొన్నవాడే వ్రాసి తీసివేయించుకొనునట్లు ఉండవలసినది.

గంటల విషయమున ఇంత తడబాటున్నను, రూట్ల విషయమున మాత్రము సంఘపు నియమము చక్కగా పనిచేయుచున్నది. ఒక డ్రైవరు పదవి విరమించినచో ఆతని రూటు ఖాళీ యగును. ఆ సంగతి గిడ్డంగిలోని నోటీసుబోర్డు మీద కొన్ని పనిదినములు అతికించియుంచుదురు. ఎన్ని దినములన్నది ఆయా ప్రాంతపు అనుబంధ ఒప్పందము చెప్పును. కావలసినవారు క్రింద సంతకము చేయుదురు. దీనిని బిడ్ అందురు. ఇందు పాడునది సొమ్ము కాదు, సేవాకాలము. సంతకము చేసినవారిలో ముందుగా కొలువులో చేరినవానికే ఆ రూటు. ఆతడు క్రొత్త రూటునకు పోగా ఆతని పాతది ఖాళీ యగును. అది మరల బోర్డెక్కును. ఇట్లు ఒక ముదుసలి ఇంటికి పోయినందున నలుగురైదుగురు డ్రైవర్లు ఒక్కొక్క మెట్టు జరుగుదురు. ఏ రూటును దక్కనివారు, ఎవరు సెలవు పెట్టిన వారి బండి నడపుచు, ఏనాటికానాడు ఏ వీథికి పంపుదురో తెలియక తిరుగుచుందురు.

రూటు మంచి చెడ్డలు బయటివానికి తెలియవు. దుకాణములు, కార్యాలయములు ఉన్న రూటులో సరకు బరువే గాని, ఒక్క చోటనే ఇరువది పెట్టెలు దింపవచ్చును, అయిదింటికి దుకాణములు మూయుదురు గనుక పనియు ముగియును. లిఫ్టు లేని మూడంతస్తుల ఇండ్లున్న రూటులో పొట్లములు తేలికయే, మోకాళ్ళకు మాత్రము గండము. ఊరి వెలుపలి రూటులో ఇల్లిల్లు దూరము, కాని చెట్ల నీడ కలదు, అధికారి కన్ను లేదు. ఒకడు ఒకే రూటులో పదేండ్లున్నచో ఏ గేటునకు ఏ అంకెలు నొక్కవలెనో, ఏ యింటివారు పగలు నిద్రింతురో, ఏ కుక్క కరచునో ఏది మొరిగి ఊరుకొనునో వానికి కరతలామలకము. ఆ జ్ఞానమే వానికి దినమున గంట మిగుల్చును. కనుక రూటు మీద హక్కు సంపాదించుకొన్నవాడు తన గంటల మీద కూడ ఎంతో కొంత హక్కు సంపాదించుకొన్నట్లే. ఓవర్‌టైమునకు విరుగుడు తొమ్మిదిన్నర జాబితాకంటె ఈ బోర్డు మీది సంతకములోనే ఎక్కువగా ఉన్నదని నా నమ్మకము.

సెలవులును సీనియారిటీ వరుసలోనే ఎన్నుకొందురు. పెద్దలు జూలై, ఆగస్టు వారములను, పండుగ వారములను ఎత్తుకొనగా, జాబితా చివరివాని యొద్దకు కాగితము వచ్చునప్పటికి ఫిబ్రవరి మంచు వారములు మిగులును. పెండ్లి విందులో కడపటి పంక్తివానికి బూరెలు అయిపోయి పెరుగన్నము మిగిలినట్లుండును. చురుకైన యువకుడు నిదానమైన వృద్ధునికంటె ఎక్కువ పనిచేయుచు మంచి రూటు లేక, మంచి సెలవు లేక ఉండుట న్యాయమా యని విమర్శించువారు లేకపోలేదు. వారి మాటలో పస ఉన్నది. అయితే సీనియారిటీని త్రోసిపుచ్చినచోట దాని పీఠము మీద ప్రతిభ వచ్చి కూర్చుండదు. అధికారి అనుగ్రహము వచ్చి కూర్చుండును. ఎవడు ఆదివారము అధికారి యింట మాంసము కాల్చు విందునకు పోయెనో వానికే చెట్ల నీడ రూటు దక్కును. చేరిన తేది యొక్కటే ఎవని ముఖమును చూచి మారనిది.

ఆ వరుసకు చీలిక తెచ్చిన యత్నమొకటి 2018లో జరిగినది. వారాంతపు సరకు పెరిగినదని చెప్పి, ఆనాటి ఒప్పందములో క్రొత్త తరగతి డ్రైవర్లను ప్రవేశపెట్టిరి. దానిని ఏర్పరచిన నిబంధన సంఖ్యనుబట్టి వారిని 22.4 డ్రైవర్లు అనెడివారు. అదే బండి, అదే దుస్తులు, అదే పొట్లము. జీతపు మేర మాత్రము తక్కువ, రక్షణలును తక్కువ. వోటు వేసిన సభ్యులలో నూటికి 54 మంది ఆ ఒప్పందమును కాదనిరి. అయినను, సభ్యులలో సగముమందియైన వోటు వేయనప్పుడు మూడింట రెండు వంతులమంది కాదన్నగాని ఒప్పందము త్రోసివేయబడదను పాత నియమమొకటి సంఘపు నిబంధనావళిలో ఉండుటచేత, దానిని చూపి నాయకులు ఒప్పందమును అమలుపఱచిరి. కాదన్నవారు ఎక్కువయై కూడ ఓడిపోయిన ఆ సంఘటనను డ్రైవర్లు మఱువలేదు. 2021 మహాసభలో ఆ నియమమును కొట్టివేసిరి; ఆ ఏటి ఎన్నికలలో షాన్ ఓబ్రయన్ నాయకత్వము గెలిచెను. 2023 జూలై 31తో పాత ఒప్పందము ముగియుననగా, 1997లో 1,85,000 మంది పదునైదు దినములు బండ్లు నిలిపివేసి పదివేల పూర్తికాలపు కొలువులు సాధించిన సమ్మె కథను పెద్దలు పిల్లలకు చెప్ప మొదలిడిరి. సమ్మె అవసరము లేకయే, జూలై 25న రాజీ కుదిరినది, ఆగస్టులో 86.3 శాతము వోట్లతో సభ్యులు దానిని ఆమోదించిరి. 22.4 తరగతి రద్దయి, అందలి వారు రెగ్యులర్ డ్రైవర్ల వరుసలోనికి వచ్చిరి. సెలవునాడు బలవంతముగా పిలిపించుట నిలిచిపోయినది. ప్రతి కార్మికునికి వెంటనే గంటకు 2.75 డాలర్లు, అయిదేండ్లలో 7.50 డాలర్లు పెంపు. క్రొత్తగా చేరు పార్ట్‌టైమ్ వానికి 21 డాలర్లు. 2024నుండి కొను బండ్లకు చల్లగాలి యంత్రము. ఇనుప పెట్టె వంటి బండిలో ఆగస్టు ఎండకు వేగినవారికి ఈ కడపటిది జీతపు పెంపుకంటె తక్కువ కాదు.

పార్ట్‌టైమ్ వారు మాత్రము పూర్తిగా తృప్తిపడలేదు. సంఖ్యలో సగమునకు పైగా వారే. రోజుకు మూడున్నర గంటల పనికి మాత్రమే వారికి హామీ. డ్రైవరు కావలెననినచో లోపలివారికి ప్రాధాన్యమున్న మాట నిజమే. చాల ప్రాంతములలో ఆరుగురు లోపలివారిని తీసికొన్నపిమ్మట ఒక బయటివానిని తీసికొందురు. కాని ఆ వరుస కదలుటకు ఏండ్లు పట్టును. డ్రైవరైన పిమ్మట కూడ పైజీతము అందుకొనుటకు నాలుగేండ్లు పట్టును.

ఇంతలో సంస్థ దారి మార్చినది. తన అతి పెద్ద ఖాతాదారైన అమెజాన్ సరకును 2026 మధ్యకాలమునకు సగమునకు పైగా తగ్గించుకొందునని 2025 జనవరిలో ప్రకటించి, ఏప్రిల్‌లో 20,000 ఉద్యోగముల కోతను, 73 భవనముల మూసివేతను తెలియజేసెను. ఒక భవనము మూసినప్పుడు అందలి డ్రైవర్లు పని వెంట మఱియొక భవనమునకు పోవుదురు. అచ్చటి సీనియారిటీ జాబితాలో వీరిని చేరిన తేదినిబట్టి నడుమ నడుమ ఇఱికింతురా, లేక అందఱిని అడుగున చేర్తురా యన్నది ఇరువది యేండ్ల సేవను నిలబెట్టు లేదా కూలద్రోయు ప్రశ్న. జూలైలో పూర్తికాలపు డ్రైవర్లకు, సొమ్ము పుచ్చుకొని స్వచ్ఛందముగా వైదొలగుడని సంస్థ కబురు చేయగా, ఇది ఒప్పందమునకు విరుద్ధమని సంఘము ఎదిరించినది. అట్లు పోయినవాని రూటు బోర్డు మీదికెక్కునో, తెల్లవాఱి తక్కినవారి బండ్లలోనికి పంచివేయబడునో గిడ్డంగులలో మిగిలినవారు లెక్కపెట్టుకొనుచున్నారు. ఆ లెక్కలు చేతబట్టుకొనియే వారు 2028 జూలై 31న ముగియు ఈ ఒప్పందము స్థానమున క్రొత్తదానికై బల్లకు ఎదురుగా కూర్చుండవలసియున్నది.